గోరంత బొమ్మ

ఏటా తమిళుల మాసి నెలలో, మఖా నక్షత్రం నాడు, పుదుచ్చేరి పట్టణపు ఉత్తరభాగంలోని వైత్తికుప్పం సముద్రతీరం ఇసుక వేస్తే రాలనంతగా జనంతో నిండిపోతుంది. చుట్టుప్రక్కల ఊళ్ళ ఆలయాల నుండి ఉత్సవమూర్తులు పూలతో అలంకరించిన వాహనాల మీద తరలి వస్తారు. మేళతాళాల మధ్య తీర్థవారి జరుగుతుంది. ఒకప్పుడు ఈ దృశ్యం చూడాలంటే ఆ ఇసుకలో నిలబడవలసిందే. ఇప్పుడు ఆ జనంలో చేతులు పైకెత్తినవారందరూ నమస్కరిస్తున్నారని చెప్పడానికి వీలులేదు. చాలా చేతులలో సెల్‌ఫోన్లు ఉంటాయి.

అలా ఫోనెత్తినవారిలో ఒకరు గంటసేపు ఉత్సవమంతా చిత్రీకరించి, ఆ రాత్రి దానిని ఒక వెబ్‌సైటులోకి ఎక్కించారనుకోవచ్చు. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన ఆ గంటలో 1,08,000 నిశ్చలచిత్రాలున్నాయి. వచ్చినవారికి వెబ్‌సైటు మొదట చూపేది వాటిలో ఒకే ఒక్కటి. అదీ బొటనవ్రేలి గోరంత. ఆ గోరంత బొమ్మలో అలల అంచున నిలిచిన స్వామి కనిపిస్తే చూసే కన్ను ఆగుతుంది. కెమెరా ముందు అడ్డం వచ్చినవారి వీపో, సగం తెరచిన గొడుగో కనిపిస్తే ఆ కన్ను క్రిందికి జారిపోతుంది. మిగిలిన 1,07,999 బొమ్మల గతి ఆ ఒక్కదాని చేతిలో ఉన్నది. అయితే ఆ ఒక్కటి ఏదో నిర్ణయించేది ఎవరు?

చాలా సందర్భాలలో యంత్రమే. అది ఎలా నిర్ణయిస్తుందో తెలుసుకుంటే, ఎందుకు అంత తరచుగా పొరబడుతుందో కూడా అర్థమవుతుంది.

ఈ బొమ్మకు కంప్యూటరువారు పెట్టిన పేరు థంబ్‌నెయిల్, అనగా బొటనవ్రేలి గోరు. పేరు వారు కల్పించినది కాదు. పెద్ద చిత్రం వేయబోయే ముందు కాగితపు మూలన గీసుకునే చిన్న చిత్తుబొమ్మను పాశ్చాత్య చిత్రకారులు ఎంతోకాలంగా అదే పేరుతో పిలిచేవారు. పేరు పరాయిదైనా వస్తువు మాత్రం తెలుగువారికి పరిచయమైనదే. పాత సినిమా హాళ్ళలో, టిక్కెట్టు కిటికీ పక్కన, గాజుతలుపుల పెట్టెలో వరుసగా గుచ్చిన స్టిల్ ఫోటోలను గుర్తుచేసుకుంటే చాలు. కథానాయకుడి కోపం ఒకటి, నాయిక కన్నీరు ఒకటి, పోరాటం ఒకటి, పాట ఒకటి. లోపలికి వెళ్ళాలో వద్దో చాలామంది ఆ పెట్టె ముందు నిలబడే తేల్చుకునేవారు.

ఆ స్టిల్ ఫోటోలు సినిమా రీలు నుండి కత్తిరించినవని చాలామంది భావించేవారు. కాదు. వాటికోసం చిత్రీకరణ స్థలంలో స్టిల్ ఫోటోగ్రాఫరు అనే ప్రత్యేకమైన మనిషి, ప్రత్యేకమైన కెమెరాతో ఉండేవాడు. కారణం తేలిక. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. ఒక్కొక్క బొమ్మకు వెలుతురు సోకే కాలం సుమారు సెకనులో 48వ వంతు. ఆ వ్యవధిలో ఊగిన చెయ్యి మసకబారుతుంది, తిరిగిన తల అలుక్కుపోతుంది. తెర మీద బొమ్మలు పరుగెత్తుతున్నప్పుడు ఆ మసక కదలికకు నునుపునిస్తుంది. ఒక్క బొమ్మను ఆపి చూస్తే మాత్రం అది లోపమే. కదిలే చిత్రం నుండి నిలిచే చిత్రాన్ని తీయడంలోని మొదటి చిక్కు ఇదే. స్టిల్ ఫోటోగ్రాఫరు దానిని వేరే కెమెరాతో దాటాడు. వెబ్‌సైటు యంత్రానికి వేరే కెమెరా లేదు. ఉన్న ఫ్రేములలోనే వెతుక్కోవాలి.

రెండవ చిక్కు వీడియో ఫైలు కట్టుబాటులో ఉన్నది. 1,08,000 బొమ్మలను పూర్తిగా దాచుకుంటే ఏ ఫోనూ చాలదు. కనుక ఫైలులో కొన్ని ఫ్రేములను మాత్రమే సంపూర్ణంగా ఉంచి, వాటి మధ్యవాటిని 'ముందుదానికంటే ఇక్కడ ఇంత మార్పు' అన్న లెక్కలుగా మాత్రమే వ్రాసిపెడతారు. 1993లో వెలువడిన మొదటి ఎంపెగ్ ప్రమాణమూ, 2003 నాటి హెచ్.264 పద్ధతీ ఈ సూత్రం మీదనే నడిచాయి. పూర్తిగా ఉన్నవాటిని కీ ఫ్రేములంటారు. పద్దుపుస్తకంలో నెల మొదట నిల్వ వ్రాసి, తరువాత రోజువారీ జమాఖర్చులు మాత్రమే వ్రాసినట్లన్నమాట. పదిహేడవ తేదీ నిల్వ కావాలంటే ఒకటవ తేదీ నుండి కూడుకుంటూ రావాలి. యంత్రమూ అంతే. నడిమి ఫ్రేము కావాలంటే దానికి ముందున్న కీ ఫ్రేము నుండి లెక్కకట్టుకుంటూ రావాలి. అందుకే తొందరలో ఉన్న యంత్రం అడిగిన క్షణాన్ని వదిలి, దగ్గరలోని కీ ఫ్రేముతో సరిపెట్టుకుంటుంది. స్వామివారి మీద పూలు పడిన క్షణం అడిగితే, పూలు ఇంకా పూజారి చేతిలోనే ఉన్న క్షణం వస్తుంది.

మరి ఏ క్షణాన్ని అడగాలి? అన్నింటికంటే సులువు మొదటి ఫ్రేము. తొలినాళ్ళలో ఎందరో వెబ్‌సైటు నిర్మాతలు ఆ సులువుకే మొగ్గారు. ఫలితం నల్లని చతురస్రాల బారు. చాలా వీడియోలు చీకటిలో నుండి మెల్లగా వెలుగులోకి వస్తాయి, లేదా ఒక సంస్థ ముద్రతో మొదలవుతాయి. ఫోనుతో తీసినవైతే మొదటి బొమ్మలో తరచుగా కనిపించేది నేల, లేక తీసేవారి చెప్పులు. ఫోను ఇంకా పైకి లేవలేదు గదా! అందుకని మొదటి సెకను దాటిన తరువాత తీసుకోవాలన్నారు. తరువాత మొత్తం నిడివిలో పదవవంతు దగ్గర తీసుకోవాలన్నారు. సరిగ్గా నడిమధ్యన తీసుకోవడం మేలని మరికొందరన్నారు.

నడిమధ్య పద్ధతికి పట్టిన గతి చెప్పుకోదగినది. 2005లో ప్రారంభమైన యూట్యూబు తొలిరోజులలో ఆ పద్ధతినే అనుసరించింది. అది బయటపడిన మరుక్షణం గడుసువారు దారి కనిపెట్టారు. వీడియో సరిగ్గా మధ్యకు వచ్చేచోట, అసలు విషయంతో ఏమాత్రం సంబంధం లేని ఒక ఆకర్షణీయమైన బొమ్మను, కంటికి ఆననంత కొద్దిసేపు, ఇరికించారు. పట్టికలో అందాలరాశి, లోపల మరేదో. పావువంతు, సగం, ముప్పావువంతు దగ్గరి ఫ్రేములు మూడింటిని ఇచ్చి ఒకటి ఎంచుకొమ్మని ఎక్కించినవారినే అడిగే పద్ధతి ఆ తరువాత వచ్చింది. నియమం ఎంత నిక్కచ్చిగా ఉంటే దానిని ఏమార్చడం అంత తేలిక అన్న సంగతి యంత్రాల లోకానికీ వర్తిస్తుంది.

స్థానాన్ని బట్టి గాక, బొమ్మలోని గుణాన్ని బట్టి ఎంచే పద్ధతులూ ఉన్నాయి. ఫాబ్రిస్ బెల్లార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేడు లెక్కలేనన్ని వెబ్‌సైట్ల వెనుక పనిచేస్తున్నది. ఎక్కిన వీడియోను పలు రూపాలలోకి మార్చడం, ఫ్రేములను వెలికితీయడం దాని పని. థంబ్‌నెయిల్ ఎంపికకు అందులో ఒక చిన్న విభాగమే ఉన్నది. అది నూరేసి ఫ్రేములను ఒక గుంపుగా తీసుకుంటుంది. ఒక్కొక్క బొమ్మలో ఏ రంగు ఎంత పాలు ఉన్నదో కొలుస్తుంది. నూరింటికీ సగటు కట్టి, ఆ సగటుకు అన్నింటికంటే దగ్గరగా ఉన్న ఫ్రేమును పైకి తీస్తుంది. మెరుపులా వచ్చి పోయిన వెలుగునూ, చీకటినీ, కెమెరా ఊగిసలాటనూ ఇది చక్కగా వదిలించుకుంటుంది. ఈ ఉపాయం తెలివైనదే, కాదనలేము. కాని సగటు మీద నమ్మకం పెట్టుకున్నవారికి తప్పని ఇబ్బంది ఇక్కడా ఉన్నది. వైత్తికుప్పం వీడియోలో సగటున ఉండేది ఇసుక, ఆకాశం, జనం తలలు. స్వామి సముద్రపుటంచున నిలిచేది కొద్దినిమిషాలే. ఉత్సవంలో ముఖ్యమైనది సగటైనది కాదు, అరుదైనది. సగటును వెతికే యంత్రం సరిగ్గా దానినే పక్కకు నెడుతుంది.

ఫ్రేము దొరికిన తరువాత దానిని కుదించాలి. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల బొమ్మలో ఇరవై లక్షలకు పైగా చుక్కలుంటాయి. దానిని 320, 180 కొలతలకు తగ్గిస్తే మిగిలేవి 57,600. ముప్పై ఆరింట ఒక వంతు. స్వామి ముఖంలోని చిరునవ్వు ఈ కుదింపులో కరిగిపోతుంది, ఆకారం మాత్రమే మిగులుతుంది. నిలువుగా పట్టుకొని తీసిన ఫోను వీడియోను అడ్డపు చట్రంలో అమర్చవలసి వస్తే, ఇరువైపులా నల్లని పట్టీలు వదలాలి, లేదా పైన, క్రింద కోయాలి. కోసే యంత్రానికి తల ఏదో, తోరణం ఏదో తెలియదు. ఇంకొక వింత ఉన్నది. చాలా ఫోన్లు నిలువు వీడియోను లోపల అడ్డంగానే వ్రాసి, 'దీనిని తిప్పి చూపవలెను' అని ఒక చిన్న సూచన జతపరుస్తాయి. ఆ సూచనను చదవని ప్రోగ్రాము చేతిలో పడితే ఊరేగింపు అంతా గోడ మీద బల్లివలె పక్కకు తిరిగి కనిపిస్తుంది.

ఇదంతా జరిగేదాకా ఎక్కించినవారిని తెర ముందు కూర్చోబెట్టరాదు. కనుక మంచి వెబ్‌సైటు వీడియోను అందుకున్న వెంటనే రసీదు ఇచ్చి పంపివేసి, బొమ్మ తీసే పనిని వెనుక వరుసలో నిలబెడుతుంది. వంతు వచ్చినప్పుడు వేరొక కంప్యూటరు దానిని ముగిస్తుంది. అంతవరకు పట్టికలో ఒక బూడిదరంగు గడి ఉంటుంది. ఆలయంలో చెప్పులు అప్పగించి చీటీ తీసుకున్నట్లే.

ఇంత శ్రమపడి తీసే ఆ చిన్నబొమ్మ ఎందుకోసం? గుర్తుపట్టడానికా, ఆకర్షించడానికా? ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు. మొదటిదాని విలువ ఏపాటిదో చూడడానికి పుదుచ్చేరి దాటి వెళ్ళనక్కరలేదు. వైత్తికుప్పం నుండి తీరం వెంబడి దక్షిణానికి నడిస్తే సెయింట్ లూయీ వీథి వస్తుంది. అక్కడ సముద్రానికి ఎదురుగా ఉన్న పాతకాలపు భవనంలో ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. 1954 నవంబరు 1న ఈ ఊరి పరిపాలన ఫ్రాన్సు చేతి నుండి భారతదేశం చేతికి వచ్చిన మరుసటి ఏడు, 1955లో, సంస్కృత పండితుడు ఝాఁ ఫిలియోజా తొలి సంచాలకుడుగా ఆ సంస్థ ఆరంభమైనది. 1956 నుండి అక్కడివారు దక్షిణదేశపు ఆలయాలను ఊరూరా తిరిగి ఛాయాచిత్రాలుగా తీయసాగారు. ఆ భాండారంలో నేడు లక్షా అరవై వేలకు పైగా చిత్రాలున్నాయి. అందులో అధికభాగం నలుపుతెలుపువి.

తెలుగువారికి ఈ కృషితో పరోక్షమైన బంధుత్వం కూడా ఉన్నది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని యానాం తెలుగు ఊరన్నది అందరికీ తెలిసినదే. ఈ సంస్థలో పురాతత్త్వ పరిశోధన సాగించిన పి.జెడ్. పట్టాభిరామన్ దక్షిణ భారత గుహాలయాలను గురించి ఫ్రెంచిలో వెలువరించిన గ్రంథంలో, 1971 నాటి మొదటి సంపుటం ఆంధ్రదేశపు గుహాలయాలకు చెందినదన్న విషయం అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఆ చిత్రాలను తీసినవారు ఎవరినీ ఆకర్షించదలచలేదు. నటరాజును ఎదుటి నుండి తీశారు. గుడి పేరు, ఊరు పేరు, తేదీ నమోదు చేశారు. తరువాత ఎవరైనా వచ్చి 'ఇది ఏ గుడిలోని ఏ మూర్తి?' అని అడిగితే సందేహం లేకుండా చెప్పగలగాలి, అంతే. ఆ నిరాడంబరమైన అలవాటు ఎంతపని చేసినదో 2014లో లోకానికి తెలిసింది.

తమిళనాడులోని అరియలూరు జిల్లాలో శ్రీపురందాన్ అనే పల్లె ఉన్నది. అక్కడి బృహదీశ్వరాలయం చోళుల నాటిది. నిత్యపూజలు సన్నగిల్లి, గుడి చాలాకాలం మూతపడి ఉన్న రోజులలో, 2006 ప్రాంతంలో దొంగలు పడి లోపలి పంచలోహ విగ్రహాలను ఎత్తుకుపోయారు. వాటిలో నటరాజమూర్తి ఒకటి. గుడి తలుపులు తెరిస్తే గాని ఊరికి ఆ సంగతి తెలియలేదు. ఈలోగా ఆ మూర్తి సముద్రాలు దాటి, 2008లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ కళాప్రదర్శనశాలకు చేరింది. వెల యాభై లక్షల అమెరికన్ డాలర్లు. అమ్మినవారు దానికి కాగితాలు కూడా చూపారు. ఆ కాగితాల ప్రకారం నటరాజు 1970వ దశకం ఆరంభంలోనే భారతదేశం విడిచిపోయాడు. ఆ తేదీ ఊరకే వేసినది కాదు. పురావస్తువుల ఎగుమతిని కట్టడిచేసే చట్టం భారతదేశంలో 1972లో వచ్చింది. దానికి ముందే వెళ్ళిపోయినట్లు వ్రాస్తే అడిగేవారుండరు.

అడిగినది సెయింట్ లూయీ వీథిలోని ఒక ఛాయాచిత్రం. 1994లో శ్రీపురందాన్ గుడిలో తీసిన ఆ చిత్రంలో నటరాజు నిక్షేపంగా ఉన్నాడు. 1970ల ఆరంభంలో దేశం విడిచిన మూర్తి 1994లో సొంత గుడిలో ఎలా ఉంటాడు? ఇది అది కాదని బుకాయించడానికీ వీలులేకపోయింది. చోళశిల్పుల పద్ధతిలో ముందు మైనపు బొమ్మ చేసి, దానిచుట్టూ మట్టి పొదిగి, మైనాన్ని కరిగించి, కరిగిన లోహం పోస్తారు. విగ్రహం బయటికి రావాలంటే మట్టిమూసను పగులగొట్టక తప్పదు. కనుక ఏ రెండు మూర్తులూ అచ్చు ఒకటిగా ఉండవు. జ్వాలల వరుసలో, జటల విరుపులో, పోతలోని చిన్నచిన్న మచ్చలలో ఒక్కొక్కరి జాతకం ఒక్కొక్కటి. 2014 సెప్టెంబరు 5న ఆస్ట్రేలియా ప్రధాని టోనీ అబ్బట్ ఢిల్లీలో ఆ నటరాజమూర్తిని, దానితోపాటు వృద్ధాచలం ఆలయానికి చెందిన అర్ధనారీశ్వర శిలామూర్తిని, భారత ప్రధాని నరేంద్ర మోదీకి అప్పగించారు.

ఆ చిత్రం తీసిననాడు ఎవరైనా సొగసుకోసం దానిని ఒక పక్కనుండి, దీపపు నీడలో, సగం ముఖం చీకటిలో ఉండేటట్లు తీసి ఉంటే అది అందమైన బొమ్మే అయ్యేది. సాక్ష్యానికి మాత్రం కొరగాకపోయేది. ఊరు పేరు వ్రాయకపోయి ఉన్నా అంతే.

వీడియో థంబ్‌నెయిలు మొదట పుట్టినది ఈ గుర్తుపట్టే పనికోసమే. ఫోటో స్టూడియోలలో వెనుకటికి ఒక రీలు కడిగిన తరువాత, నెగెటివులను పట్టీలుగా కత్తిరించి, కాగితం మీద పరచి, ముప్పైఆరు బొమ్మలనూ ఒకే పుటమీద అసలు కొలతలలో అచ్చువేసేవారు. ఒక్కొక్కటి 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. నిజంగా బొటనవ్రేలంత. దానిని భూతద్దంతో చూసి, పెద్దవి చేయదగినవాటికి పెన్సిలుతో గుర్తుపెట్టేవారు. ఈనాడు వీడియో క్రింది గీత మీద వ్రేలు జరుపుతుంటే పైన చకచక మారే చిన్నబొమ్మలు ఆ పుటకు వారసులు. వెబ్‌సైటు వాటిని విడివిడిగా దాచదు. పదులకొద్దీ బొమ్మలను ఒకే పెద్ద బొమ్మగా అతికించి పంపుతుంది, కావలసిన గడిని మాత్రం చూపుతుంది. స్టూడియో పుటకూ దీనికీ తేడా పెన్సిలు గుర్తు ఒక్కటే.

గుర్తింపు పని వెనుకబడి ఆకర్షణ పని ముందుకు వచ్చినది లెక్కలు తేలిన తరువాత. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2016లో తన ప్రేక్షకుల తీరును వెల్లడించింది. ఒక్కొక్క చిత్రం దగ్గర వారు ఆగేది సగటున 1.8 సెకనులు. వెతుకుతున్నంతసేపూ వారి దృష్టిలో 82 శాతానికి పైగా బొమ్మ మీదనే ఉన్నది, వ్రాత మీద కాదు. మరుసటి ఏడు ఆ సంస్థ ఇంకొక అడుగు వేసింది. ఒకే సినిమాకు ఒక్కొక్కరికి ఒక్కొక్క బొమ్మ చూపడం మొదలుపెట్టింది. ప్రేమకథలు ఇష్టపడేవారికి నాయికానాయకులు, హాస్యం ఇష్టపడేవారికి హాస్యనటుడు. పాతకాలపు సినిమా హాలు గాజుపెట్టెలో అన్ని స్టిల్సూ అందరికీ కనిపించేవి. ఇక్కడ వచ్చినవాడి ముఖం చూసి పెట్టెలోని ఫోటో మారుతున్నది.

యూట్యూబు 2012లో తన భాగస్వాములకు సొంతంగా తయారుచేసిన బొమ్మను పెట్టుకునే వీలు కల్పించింది. 2015 అక్టోబరులో ఆ సంస్థ పరిశోధకులు మంచి ఫ్రేమును ఎంచడానికి యంత్రానికి శిక్షణ ఇచ్చిన విధానాన్ని ప్రకటించారు. మనుషులు తయారుచేసి పెట్టుకున్న బొమ్మలను మంచివాటికి ఉదాహరణలుగా, వీడియోల నుండి గుడ్డిగా తీసిన ఫ్రేములను చెడ్డవాటికి ఉదాహరణలుగా చూపి యంత్రాన్ని తీర్చిదిద్దారు. పాత పద్ధతి బొమ్మనూ కొత్తదానినీ పక్కపక్కన పెట్టి అడిగితే, 65 శాతానికి పైగా సందర్భాలలో చూసినవారు కొత్తదానికే ఓటు వేశారు. స్పష్టత పెరిగింది, మసక తగ్గింది, ముఖాలు చట్రంలోకి వచ్చాయి. అయితే ఆ గురువులెవరో గమనించవలసి ఉన్నది. యంత్రం 'మంచి' అని నేర్చుకున్నది జనాన్ని రప్పించడానికి మనుషులు చేసుకున్న బొమ్మల నుండి. మంచి ఫ్రేము అంటే కంటికి నచ్చేదని దానికి తెలిసింది. వీడియోలో ఉన్నదానిని నిజంగా చెప్పేది ఏదన్నది దానిని ఎవరూ అడగలేదు.

మనుషుల చేతి బొమ్మలు ఏ దారి పట్టాయో తెలుగు పాఠకులకు వివరించనక్కరలేదు. నోరు తెరిచిన ముఖాలు, ఎర్రని బాణాలు, పసుపురంగు అక్షరాలు, చివర రెండు ఆశ్చర్యార్థకాలు. బ్రతికి ఉన్న నటుడి ఫోటోకు పూలదండ వేసి, లోపల పది నిమిషాలు మరేదో మాట్లాడి, చివరకు ఆయన కులాసాగా ఉన్నాడని ముగించే వీడియోలు కూడా వచ్చాయి. అటువంటి బొమ్మ చూసి గుండె జారవిడుచుకునే వృద్ధులుంటారన్న ఆలోచన వాటిని తయారుచేసేవారికి రాదు కాబోలు. వారికి దానివల్ల మిగిలేది ఒక నొక్కుడు. పోయేది చూపరి నమ్మకం. ఆ పోవడం వారి పద్దులో ఎక్కదు, ఆ పక్కనున్న నిజమైన వీడియో పద్దులో ఎక్కుతుంది.

2024 డిసెంబరులో యూట్యూబు ఈ విషయమై ఒక ప్రకటన చేసింది. శీర్షికలోనో థంబ్‌నెయిల్‌లోనో వాగ్దానం చేసినది వీడియోలో లేకుండా మరీ దారుణంగా మోసగించేవాటిపై, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, చర్యలు తీసుకుంటామనీ, ఆ పనిని భారతదేశంతోనే మొదలుపెడతామనీ తెలిపింది. మొదట్లో శిక్షలు వేయకుండా, తప్పుచేసిన వీడియోలను తొలగించడంతో సరిపెడతామన్నది. భారతదేశాన్ని ముందుగా ఎంచుకోవడం గర్వించదగిన విషయమేమీ కాదు. అదే సంవత్సరం ఆ సంస్థ మరొక సౌకర్యాన్నీ విస్తృతంగా అందుబాటులోకి తెచ్చింది. ఒకే వీడియోకు మూడు బొమ్మలిస్తే, వాటిని ప్రేక్షకులకు పంచి చూపి, ఏది నెగ్గినదో చెబుతుంది. నెగ్గడానికి కొలబద్ద ఎంతమంది నొక్కారన్నది కాదు, నొక్కినవారు ఎంతసేపు కూర్చున్నారన్నది. అబద్ధపు బొమ్మ చూసి వచ్చినవాడు అరనిమిషంలో లేచిపోతాడు గనుక, ఈ కొలతలో కొంత న్యాయం ఉన్నది.

వైత్తికుప్పం వీడియో తీసినవారికి మాత్రం ఈ పరీక్షలేవీ అక్కరలేదు. వెబ్‌సైటు ఇచ్చిన గొడుగు బొమ్మను పక్కనపెట్టి, తాము తీసిన గంటను ఒకసారి వెనక్కి నడిపించి చూసుకోవాలి. మూర్తి ఏ గుడిదో తెలిసేటట్లు, ఎదుటి నుండి, అలంకారమూ వాహనమూ స్పష్టంగా కనిపించే ఫ్రేము ఎక్కడో నలభైయవ నిమిషంలో ఉంటుంది. దాని పక్క సెకనులో పూజారి చెయ్యి అడ్డం వచ్చి ఉండవచ్చు. రెండు సెకనులు ఇటు జరిపి, ఆపి, ఆ బొమ్మను ఎక్కించాలి. శీర్షికలో గుడి పేరు, ఊరి పేరు, వైత్తికుప్పం తీరం, మాసి మగం, సంవత్సరం వ్రాయాలి. మొత్తం పని అయిదు నిమిషాలది.